అద్దాల పెట్టె వెనక సీటు

శుక్రవారం సాయంత్రం ఆరూ ఇరవైకి మా మేనత్త సున్నుండల డబ్బా మూత నొక్కి, ఊడదని నమ్మకం కుదిరాక నా చేతికిచ్చింది. వంటింటి గడియారం సరిగ్గా నా ఎదురుగా ఉంది కాబట్టి ఆ సమయం గుర్తుండిపోయింది. ఆ తరవాత ఆమె చీర మీద పొడుగు చలికోటు తొడుక్కుని, ఉన్నిటోపీ చెవుల మీదికి లాక్కుని, "పదరా, ఆలస్యమైతే వాడు మనల్ని వెతుక్కుంటాడు" అంది. వాడంటే మా బావ, ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. ఆ సాయంత్రం అతను తమ ఊరి ఐస్ హాకీ జట్టులో, జీతం తీసుకునే ఆటగాడిగా, మొదటిసారి మంచు మీదికి దిగబోతున్నాడు. నెత్తిన హెల్మెట్టు, చేతిలో కర్ర, ఎదురుగా అతన్ని గోడకేసి కొట్టడానికి సిద్ధంగా ఉన్న మనుషులు. అలాంటివాడు వేలమంది జనంలో అమ్మని వెతుక్కుంటాడని ఆమె ఎలా అనుకుందో నాకు అర్థం కాలేదు.

ఆ రోజుల్లో నాకు అర్థం కానివి చాలా తక్కువ అని నేను అనుకునేవాణ్ణి. ఇరవై నాలుగేళ్ళు. తెనాలి నుంచి హైదరాబాదు, హైదరాబాదు నుంచి జర్మనీలో మ్యూనిక్ పక్కనున్న గార్చింగ్. అక్కడొక పరిశోధన సంస్థలో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. వారమంతా అద్దె గదిలో బ్రెడ్డూ పెరుగూ తిని, శుక్రవారం మధ్యాహ్నం ఊ-బాన్ మెట్రో ఎక్కి, మ్యూనిక్‌లో రైలు మారి, కొండల వైపున్న అత్తయ్యగారి చిన్న ఊరికి చేరేవాణ్ణి. జర్మనీ వచ్చి నిండా ఏడాది కాకపోయినా, ముప్ఫై ఏళ్ళుగా అక్కడున్న అత్తయ్యకి నేనే జర్మనీ గురించి చెబుతుండేవాణ్ణి. (ఆమె ఓపికగా వినేది. మధ్యలో "అలాగా!" అని కూడా అనేది.) ఐస్ హాకీ నియమాలయితే రైల్లో కూర్చుని ఫోన్లో మొత్తం చదివేశాను. ఆటని ఒక్కసారీ చూడలేదు. అయినా నాకు ఆట వచ్చినట్టే లెక్క.

మావయ్య పళ్ళ డాక్టరు. ఆ ఊళ్ళో సగం మంది నోళ్ళు ఆయనకు తెలుసు. వీధిలో ఎదురైనవాళ్ళు ఆయన్ని చూడగానే పెదాలు బిగించి నవ్వేవాళ్ళు. బావ కూడా అదే చదువులో చేరి, ఒక సెమిస్టరు చదివి, హాకీ కోసం మానేశాడు. ఆ వేసవి ఇంట్లో ఏమేం జరిగాయో నేను చూడలేదు. చూసిందల్లా చివరి ఒప్పందం ఒక్కటే. భోజనాల బల్ల దగ్గర మావయ్య కంచం పక్కకి జరిపి, "ఒక్క సీజను ఇస్తున్నాను. మార్చిలో వాళ్ళు నీ కాంట్రాక్టు పొడిగిస్తే నేను మళ్ళీ నోరెత్తను. పొడిగించకపోతే వచ్చి చదువులో కూర్చుంటావు. క్లినిక్కు నీ కోసమే అట్టిపెట్టాను" అన్నారు. బావ అన్నం కలుపుతూ "పస్ట్" అన్నాడు. ఆ ఊరివాళ్ళ భాషలో సరే అని. అత్తయ్య ఇద్దరికీ నెయ్యి వేసింది. ఆమె ఎవరి పక్షమో ఆ నెయ్యిని బట్టి చెప్పడం కష్టం. ఇద్దరికీ సమానంగానే పడింది.

బావ పని గురించి కూడా చెప్పాలి. హాకీ ఆటగాడంటే గోల్స్ కొట్టేవాడనుకుని నేనొకసారి, "బావా, ఈ ఏడాది ఎన్ని కొడతావు?" అని అడిగాను. "నేను గోల్స్ కొట్టను రా. గోల్స్ కొట్టేవాళ్ళని కొడతాను" అన్నాడు. హాస్యానికి అనలేదు. అదే అతని ఉద్యోగం. ఎదుటి జట్టులో బాగా ఆడేవాణ్ణి భుజంతో గోడకి తొయ్యడం, వాడి కర్ర మీద కర్ర వెయ్యడం, వాడికి మనశ్శాంతి లేకుండా చెయ్యడం. అందుకు శిక్ష పడితే రెండు నిమిషాలు వెళ్ళి విడిగా కూర్చోవడం. ఇంట్లో చీమని కూడా కాగితం మీదికెక్కించి కిటికీ బయట వదిలే మనిషి. అతనికి ఇలాంటి పని ఎందుకిచ్చారంటే, ఒళ్ళు పెద్దది, ఎంత కొట్టినా కింద పడడు.

అత్తయ్య అంతకు ముందు ఒకే ఒక్కసారి అతని ఆటకి వెళ్ళింది, అతని ఏడో ఏట. వాడు పడగానే ఈమె చెప్పులతో మంచు మీదికి పరిగెత్తి, వాడికంటే గట్టిగా పడింది. మళ్ళీ వెళ్ళలేదు. "ఇప్పుడు ఉద్యోగం కదా. కొడుకు ఉద్యోగం ఎక్కడ చేస్తున్నాడో తల్లి చూడాలా వద్దా?" అని ఈసారి బయల్దేరింది. ఆమెకి ఆట వివరించే బాధ్యత నాది.

ఆట మొదలైన కాసేపటికే బావ ఒకణ్ణి గోడకి తోశాడు. ఈల మోగింది. బావ తల వంచుకుని వెళ్ళి, మంచుకి అవతలి వైపున్న అద్దాల పెట్టెలో కూర్చున్నాడు. అక్కడొక ముసలాయన అతనికి తలుపు తీశాడు, నీళ్ళ సీసా అందించాడు, తువ్వాలు ఇచ్చాడు. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుంది.

"చూశావట్రా! మనవాడొక్కడికే గది ఇచ్చారు."

"అత్తయ్యా, అది శిక్ష."

"శిక్షయితే తువ్వాలు ఎందుకిస్తారు?"

"చెమట పట్టి ఉంటుందని..."

"శిక్షపడినవాడి చెమట ఎవరు పట్టించుకుంటారు? తలుపు తియ్యడానికి మనిషిని కూడా పెట్టారు. నువ్వు ఫోన్లో సరిగ్గా చదవలేదు."

ఇంతలో ఎదుటి జట్టు గోలు కొట్టింది. నియమం ప్రకారం బావని వెంటనే బయటికి వదిలారు. అత్తయ్య తృప్తిగా తలాడించింది. "అదీ సంగతి. వీడు లేకపోతే గోలు పడిందని సాయానికి పిలుస్తున్నారు." ఆమె చెప్పింది తప్పని నాకు తెలుసు. కానీ కళ్ళెదురుగా జరిగింది మాత్రం ఆమె చెప్పినట్టే జరిగింది.

మరుసటి వారానికి ఆమె ఆ పెట్టెకి సరిగ్గా వెనకనున్న మొదటి వరసలో, సీజన్ మొత్తానికి రెండు సీట్లు తీసుకుంది. ఒకటి ఆమెకి, ఒకటి నాకూ డబ్బాకీ కలిపి. అది పాత స్టేడియం. పెట్టెకి ముందు వైపు అద్దం ఎత్తుగానే ఉన్నా, వెనక వైపు మాత్రం మనిషి భుజాల దాకానే. చెయ్యి చాస్తే లోపల కూర్చున్నవాడి భుజం అందుతుంది. బావ రెండోసారి వచ్చి కూర్చున్నప్పుడు అత్తయ్య ఆ భుజం తట్టింది. బావ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

"అమ్మా! నువ్విక్కడేం చేస్తున్నావు?"

"ఎందుకురా ఆ పిల్లాణ్ణి తోశావు? వాడు నిన్నేమన్నాడు?"

"అమ్మా, బిట్టె, ప్లీజ్. ఇక్కడ కాదు."

"ఇక్కడ కాకపోతే ఎక్కడ? ఇంట్లో దొరుకుతావా నువ్వు? ప్రాక్టీసంటావు, బస్సంటావు, నిద్రంటావు. ఇక్కడయితే రెండు నిమిషాలు ఎక్కడికీ పోలేవు. ఇదిగో, నోట్లో వేసుకో."

మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. మనిషి వచ్చి ఎదురుగా కూర్చున్నాడంటే ఉత్త చేతులతో లేవకూడదు. కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినవాడయినా సరే, ఏదో ఒకటి నోట్లో వేసుకునే వెళ్ళాలి. అత్తయ్య దృష్టిలో పెట్టెలో కూర్చున్నవాడు కూడా వచ్చి కూర్చున్నవాడే. తలుపు తీసే ముసలాయన, ఇలా లోపలికి ఏదీ ఇవ్వకూడదని వేలు ఊపుతూ చెప్పాడు. ఆమె ఆ వేలు పక్కనే ఒక సున్నుండ పెట్టింది. అతను దాన్ని చూశాడు, కొరికాడు, నేతి చేతిని ప్యాంటుకి తుడుచుకున్నాడు. అప్పటినుంచి ఆమె డబ్బా మూత తీసినప్పుడల్లా స్కోరుబోర్డు వంక చూస్తుండేవాడు. మేమతనికి తలుపు తాత అని పేరు పెట్టుకున్నాం.

ఇంతవరకయితే ఎవరికీ నష్టం లేదు. నష్టం పక్క పెట్టెతో వచ్చింది. తలుపు తాత కుర్చీకి ఇటు మన జట్టు పెట్టె, అటు ఎదుటి జట్టు పెట్టె. ఒకరోజు బావా, అవతలి జట్టులో గోడలాంటి మనిషి ఒకడూ ఒకరి చొక్కాలు ఒకరు పట్టుకుని, ఇద్దరూ శిక్ష పడి వచ్చి చెరో పెట్టెలో కూర్చున్నారు. అద్దం గుండా ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. అత్తయ్య డబ్బా తీసింది. కొడుక్కి ఒకటిచ్చింది. తరవాత లేచి, నా మోకాళ్ళ మీదుగా, తలుపు తాత తల మీదుగా చెయ్యి చాచి, ఆ గోడలాంటి మనిషికి ఒకటిచ్చింది. "పక్కన మనిషిని పెట్టుకుని వీడొక్కడే ఎలా తింటాడు?" అని నాతో తెలుగులో అని, అతన్ని జర్మన్లో అడిగింది: "తిను బాబూ. మీ అమ్మ ఎక్కడుంటుంది?" ఆ మనిషి తిట్టడం ఆపాడు. మా అమ్మ ఊళ్ళో ఉంటుందండీ, అన్నాడు. అమ్మకి మోకాళ్ళ నొప్పులని కూడా చెప్పాడు. ఈమె ఏదో నూనె పేరు చెప్పింది. రెండు నిమిషాలూ అయిపోయాయి. ఇద్దరూ బయటికి వెళ్ళారు. ఆ ఆట అయ్యేదాకా వాళ్ళిద్దరూ ఒకరినొకరు ముట్టుకోలేదు. ఎదురుపడితే పక్కకి తప్పుకుంటున్నారు.

"ఏమైంది బావా?" అన్నాను తరవాత.

"ఒకే డబ్బాలోది తిన్నాం కదరా," అన్నాడు. "తిన్నాక ఎలా కొడతాను?"

అతను పుట్టింది బవేరియాలో. పెరిగింది మంచు మీద. తెలుగు మాట్లాడితే సగం జర్మన్. అయినా ఆ సంగతి అతనికి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

శీతాకాలం గడుస్తున్నకొద్దీ బావ కొట్టకూడని మనుషుల సంఖ్య పెరిగింది. లీగులో మొరటుగా ఆడేవాళ్ళంతా ఏదో ఒక రోజున పక్క పెట్టెలోకి వచ్చేవాళ్ళే. వచ్చినవాళ్ళంతా తినేవాళ్ళే. కొందరు అమ్మల ఆరోగ్యాలూ చెప్పేవాళ్ళు. వాళ్ళంటే అతనికి మొహమాటం. తినని వాళ్ళని కొడదామంటే అమ్మ వెనకనుంచి చూస్తుంటుందని భయం. డిసెంబరు వచ్చేసరికి బావ ఎవరినీ కొట్టడం లేదు. కొట్టని బావ జట్టుకి ఎందుకూ పనికిరాడు. ట్రయినర్ అతన్ని బెంచీ మీదనే కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు.

ఆ ట్రయినర్ ఫిన్లాండ్ మనిషి. ఎప్పుడు మాట్లాడినా మూడు మాటల్లో ముగించేవాడు. ఒక సాయంత్రం మెట్ల దగ్గర నన్ను ఆపి, నా చేతిలో డబ్బా వంక చూసి, "అమ్మ. వేరే. సీటు." అని వెళ్ళిపోయాడు. బావ దగ్గరకి వెళ్ళి చెప్పాను. అతను స్కేట్ల తాళ్ళు విప్పుకుంటూ తలెత్తలేదు. "నాకు తెలుసు. నేను చెప్పలేను. నువ్వు చెప్పు. ఇలాగే ఉంటే మార్చిలో నన్ను పంపించేస్తారు. అప్పుడు జీవితాంతం నోళ్ళలోకి చూస్తూ కూర్చోవాలి."

మరుసటి శుక్రవారం గార్చింగ్ నుంచి ఆ ఊరి దాకా దారి పొడుగునా ఆమెకి ఎలా చెప్పాలో నేర్చుకుంటూ వెళ్ళాను. నేను తెలివైనవాణ్ణి కాబట్టి నేరుగా చెప్పకూడదనుకున్నాను.

"అత్తయ్యా, ఆ వరసలో చలి మరీ ఎక్కువగా ఉంది. పైకి మారితే బాగుంటుంది."

"మంచు మీద ఆట పెట్టుకుని చలంటే ఎలారా?"

"అక్కణ్ణించి ఆట సగమే కనబడుతుంది కూడా."

"నాకు సగం చాలు. రెండో సగం నువ్వు చెబుతావుగా."

అప్పుడు వంటింట్లోంచి మిక్సీ చప్పుడు వినిపించింది. మావయ్య బయటికి వచ్చారు. చొక్కా చేతుల మీద మినపపిండి. పెళ్ళయినప్పటి నుంచి కాఫీ తప్ప ఏదీ కలపని మనిషి సున్నుండలకి పిండి విసురుతున్నారు. "ఎవరేమన్నా నువ్వు ఆ సీటు వదలకు," అన్నారు అత్తయ్యతో. "తల్లివి. నీ హక్కు అది. బెల్లం సరిపోకపోతే ఇంకో కిలో తెస్తాను." అని మళ్ళీ లోపలికి వెళ్ళారు.

అత్తయ్య సోఫాలోంచి లేవలేదు. కాసేపు ఆ మిక్సీ చప్పుడు విన్నది. తరవాత నా వంక తిరిగి, "ఆయన మిక్సీ ఎందుకు వేస్తున్నార్రా?" అని అడిగింది. వెంటనే తనే అంది: "నేనక్కడ కూర్చుంటే వాడి ఉద్యోగం పోతుందా?"

"పోతుంది అత్తయ్యా."

ఆమె మావయ్యని ఏమీ అనలేదు. ఆ పిండితో సున్నుండలు మాత్రం చుట్టింది. "పిండి ఏం పాపం చేసింది?" అంది.

ఆ వారం బావకి చాలాసేపటి తరవాత మంచు మీద అవకాశం వచ్చింది. ట్రయినర్ కళ్ళలో పడాలన్న ఆత్రంలో ఒకడి కాళ్ళ మధ్య కర్ర పెట్టి పెట్టెలోకి వచ్చాడు. అత్తయ్య డబ్బా తియ్యలేదు. ఆమె అతని మెడ దగ్గరకి వంగింది.

"ఒకటడుగుతాను, నిజం చెప్పు. నీకీ ఆట కావాలా?"

"అమ్మా, రెండు నిమిషాలే..."

"నాకు ఒక్క మాట చాలు."

బావ ముందుకే చూస్తూ, "కావాలి" అన్నాడు. తెలుగులోనే అన్నాడు. "ఇది తప్ప నాకేమీ అక్కర్లేదమ్మా."

"నాన్న మీద కోపంతో కాదు కదా?"

"కాదు."

"సరే. ఆటలోకి పో." అతను లేచాక నాతో అంది: "ఆ ట్రయినర్ దగ్గర టెర్మిన్ తీసుకోరా."

"అత్తయ్యా, అతని దగ్గర టెర్మిన్లు ఉండవు. వెళ్ళి తలుపు కొట్టడమే."

"ఉండవంటే? మనిషిని కలవాలంటే టెర్మిన్ తీసుకోవాలి. నేను అలా తలుపులు కొట్టను." ఇలా ముందే సమయం అడిగి పెట్టుకోవడం, ముప్ఫై ఏళ్ళలో ఆమె ఆ దేశం దగ్గర పూర్తిగా నేర్చుకున్నది అదొక్కటే. నేను ట్రయినర్‌కి టెర్మిన్ అడుగుతూ ఈమెయిల్ రాశాను. అతను మూడు మాటల్లో జవాబిచ్చాడు. మంగళవారం. నాలుగింటికి. రండి.

ఆ మంగళవారం ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వెళ్ళాను. ట్రయినర్ గది చిన్నది. తడిసిన తోలు వాసన. అత్తయ్య కుర్చీ అంచున కూర్చుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"మీ అబ్బాయి మంచివాడు," అన్నాడతను. "అదే సమస్య."

"వాడు మంచివాడని వినడానికయితే ఇంత దూరం రానక్కర్లేదు. కొట్టడం వాడికి చేతకాదు. మీరు వాడి ఒళ్ళు చూసి పని ఇచ్చారు. ఇంకో పని ఇవ్వండి."

"ఏం పని?"

"నన్నడిగితే? మీ దగ్గర ఇంకేం పనులున్నాయి?"

అతను నిజంగానే ఆలోచించాడు. గోల్స్ కొట్టడానికి మనుషులున్నారు, అన్నాడు. బంతి... (అంటే ఆ రబ్బరు బిళ్ళ) అందించడానికి ఉన్నారు. వెనక కాపలాకీ ఉన్నారు. వేళ్ళతో బల్ల మీద కొట్టాడు. "ఒకటుంది. ఎవరికీ ఇష్టముండదు. మావాడొకడు శిక్షపడి పెట్టెలోకి వెళితే మేం ఒకరం తక్కువవుతాం. ఆ రెండు నిమిషాలూ అవతలివాళ్ళు బిళ్ళని గట్టిగా కొడుతూనే ఉంటారు. దానికి ఎవడో ఒకడు ఒళ్ళు అడ్డం పెట్టాలి. నిలబడి, లేకపోతే పడుకుని." అతను అన్ని మాటలు అనడం నేను వినడం అదే మొదటిసారి.

"దెబ్బ తగులుతుందా?"

"తగులుతుంది."

"ఎవరినయినా కొట్టాలా?"

"లేదు. కొడితే మనిషి ఇంకా తగ్గిపోతాడు. అస్సలు కొట్టకూడదు."

అత్తయ్య ఒళ్ళో డబ్బా వంక చూసుకుంది. ఆమె కొడుకుని గురించి ఏ తల్లీ కోరుకోనిది ఒకటి కోరుకోబోతోందని నాకప్పుడు తెలియలేదు. ఇంటికి వెళ్ళే దారిలో కూడా తెలియలేదు. "అయితే అది ఇవ్వండి," అంది. "వాడు చిన్నప్పటి నుంచి దెబ్బకి ఏడవడు."

"మరి మీ సీటు?"

"నా సీటుతో మీకేం పని? ఇక వాడే అటు రాడు కదా." డబ్బా తెరిచి బల్ల మీద పెట్టింది. అతను ఒకటి తీసుకున్నాడు. నమిలి, మూడు మాటలు కూడా అనకుండా, ఇంకొకటి తీసుకున్నాడు.

అలా మా బావ అడ్డం పడే పనిలో చేరాడు. మొదటి వారాల్లో ఒంటి మీద నీలం, ఊదా, పసుపు మచ్చలు తేలాయి. అత్తయ్య ఆదివారాలు కాపడం పెట్టేది. మావయ్య ఆ మచ్చలు చూసి, "ఇదా ఉద్యోగం?" అన్నారు. "ఇదే," అంది ఆమె. "మీ దగ్గరకొచ్చినవాళ్ళు నోరు తెరిచి ఏడుస్తారు. వీడు మూసుకుని ఓర్చుకుంటాడు. ఎవరిదయినా కష్టమే." మావయ్య మిక్సీ జోలికి మళ్ళీ వెళ్ళలేదు.

బావ ఆ సీజన్లో మళ్ళీ పెట్టెలోకి రాలేదు. అత్తయ్య మాత్రం ఆ సీటు మారలేదు. నాకు మొదట్లో వింతగా ఉండేది. కొడుకుతో మాట్లాడదామని కొనుక్కున్న సీట్లో, కొడుకు రాకూడదని కోరుకుంటూ కూర్చునేది. వచ్చిన వేరే అబ్బాయిలకి తినిపించేది. వాళ్ళు తింటున్నంతసేపూ ఆమె చూపు అవతల మంచు మీద పడుకుని ఉన్న మనిషి మీదే ఉండేది.

మార్చిలో ఆఖరి ఆట. గెలిస్తే జట్టు ఆ డివిజన్లోనే ఉంటుంది. ఓడితే కిందికి దిగిపోతుంది. దిగితే సగం మంది కాంట్రాక్టులు పోతాయి, పోయేవాటిలో బావది మొదటిదని ఊరంతా చెప్పుకున్నారు. మావయ్య సీజన్ మొత్తంలో ఆ ఒక్క ఆటకి వచ్చారు. "వాడు ఇంటికి వచ్చేటప్పుడు నేను తోడుండాలి" అన్నారు. ఆ మాటలో ఆశ ఎంతో, జాలి ఎంతో నాకు తెలియలేదు.

మనవాళ్ళు ఒక్క గోలు ముందున్నారు. చివరి నిమిషాల్లో మన కెప్టెన్ ఎవణ్ణో పట్టి లాగి పెట్టెలోకి వచ్చాడు. స్టేడియం అంతా మూలిగింది. అత్తయ్య అతని చేతిలో సున్నుండ పెట్టింది. "తిను. తిని సిగ్గుపడు. నీ బదులు అక్కడ మావాడు పడుకున్నాడు." కెప్టెన్ తలవంచుకుని తిన్నాడు.

మొదటి దెబ్బ బావ పిక్కకి తగిలింది. లేచాడు. రెండోది డొక్కలో. లేచాడు, కానీ కాస్త ఆలస్యంగా. నేను నియమాలన్నీ మరిచిపోయి, తెలుగులో, "లేవకు బావా, అక్కడే ఉండు!" అని అరుస్తున్నాను. మూడోసారి బిళ్ళ మంచు మీంచి ఎగిరి అతని నోటికి తగిలింది. చప్పుడు మా దాకా వినిపించింది. బిళ్ళ పక్కకి పోయింది, ఆట ముగిసింది, జనం లేచి అరిచారు. అత్తయ్య లేవలేదు. మావయ్య లేచారు.

"పళ్ళు!" అని అరిచారాయన, తెలుగులో. "పళ్ళు తొక్కకండి!" ఎవరికీ అర్థం కాకపోయేసరికి జర్మన్లో అరిచారు. గెలిచిన ఆటగాళ్ళు ఒకరినొకరు కౌగలించుకోవడం ఆపి, మోకాళ్ళ మీద కూర్చుని మంచు వెతికారు. మూడు దొరికాయి. మావయ్య తలుపు తాత పక్కన నిలబడి వాటిని చేతిలోకి తీసుకున్నారు.

"పాలు కావాలి. త్వరగా!"

"మజ్జిగుంది," అంది అత్తయ్య సంచీలోంచి సీసా తీస్తూ.

"మజ్జిగ కాదే, పాలు! పళ్ళు పాలల్లో వెయ్యాలి!"

తలుపు తాత తన కాఫీ కోసం తెచ్చుకున్న పాల డబ్బా ఇచ్చాడు. బావ పళ్ళు అందులో ఊరుతూ, నా చేతుల్లో, కారు వెనక సీట్లో క్లినిక్కు చేరాయి. దారి పొడుగునా మావయ్య "ఒలకనివ్వకు, ఒలకనివ్వకు" అంటూనే ఉన్నారు. నా మొత్తం ఉద్యోగ జీవితంలో నాకు అంత బాధ్యత మళ్ళీ ఎవరూ అప్పజెప్పలేదు.

మావయ్య క్లినిక్కు తెరిచి దీపాలు వేశారు. కొడుకు కోసం అట్టిపెట్టిన ఆ గదిలో, కొడుకుని కుర్చీలో పడుకోబెట్టి, ఒక్కొక్క పన్నూ దాని చోట పెట్టి తీగతో కడుతున్నారు. అత్తయ్య బావ పాదాలు పట్టుకుని నిలబడింది. అప్పుడు ట్రయినర్ వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, బావ వంక చూసి అడిగాడు.

"ఇంకో రెండేళ్ళు?"

బావ నోటినిండా దూదీ, తీగలూ, తండ్రి వేళ్ళూ. గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. అవునో కాదో ఎవరికీ తెలియలేదు. "ఏమంటున్నాడు?" అని ట్రయినర్ నన్నడిగాడు. అన్నీ తెలిసిన నాకూ అర్థం కాలేదు. అత్తయ్య అందరికంటే బాగా అర్థం చేసుకుని ఉండాలి. ఆమె మావయ్య వంకే చూస్తోంది.

మావయ్య చెయ్యి ఆగింది. "మళ్ళీ అను," అన్నారు, కొడుకుతో. బావ మళ్ళీ అదే చప్పుడు చేశాడు. ఆ నోట్లోకి ఆయన చాలాసేపు చూశారు. ఎంతోమంది నోళ్ళు చూసిన మనిషి, ఆ మాట తెలియలేదంటే ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేరు. తరవాత ట్రయినర్ వైపు తిరగకుండానే, జర్మన్లో, "సరేనంటున్నాడు" అన్నారు. మళ్ళీ తెలుగులో, "కదలకురా, ఇంకొకటి మిగిలింది."

బావ ఆ పని చాలా ఏళ్ళు చేశాడు. నాలుగు ఊళ్ళ జట్లకి ఆడాడు. గోల్స్ వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కొట్టి ఉంటాడు. ఎక్కడికి వెళ్ళినా, మనిషి తక్కువైనప్పుడు అతన్నే పిలిచేవాళ్ళు. క్లినిక్కు మావయ్య వేరేవాళ్ళకి ఇచ్చేశారు. అప్పుడు కూడా ఎవరినీ నిందించలేదు. బావ ఆట మానేసి పిల్లలకి స్కేటింగ్ నేర్పుతున్నాడు. అత్తయ్య కిందటి శీతాకాలం వెళ్ళిపోయింది. ఆ పది రోజుల్లో ఇంటికి వచ్చినవాళ్ళలో సగం మంది నాకు తెలియని, వంకర ముక్కుల, వెడల్పాటి భుజాల మనుషులు. బూట్లు గుమ్మంలో విప్పి, కుర్చీల అంచున కూర్చునేవాళ్ళు. వాళ్ళని ఉత్త చేతులతో పంపకూడదని నాకు తెలుసు. కానీ పెట్టడానికి ఏమీ చెయ్యడం నాకు రాదు. కాఫీ ఇచ్చాను.

ఈ మధ్య ఆఫీసు పని మీద మ్యూనిక్ వెళ్ళినప్పుడు, ఆ సాయంత్రం రైలెక్కి ఒక్కణ్ణే ఆ ఊరి ఆటకి వెళ్ళాను. నాకిప్పుడు నలభైకి దగ్గర. పై వరసలో కూర్చుంటే పక్కన ఒక కుర్రాడు, తన పక్కనున్న పెద్దావిడకి నియమాలు తప్పు లేకుండా వివరిస్తున్నాడు. ఆవిడ "అలాగా!" అన్నట్టు తలాడిస్తోంది. నాకు నవ్వొచ్చింది. ఇరవై నాలుగేళ్ళ నేను ఇంత పెద్దగా మాట్లాడేవాణ్ణా అని కాస్త సిగ్గు కూడా వేసింది. అతన్ని ఆపాలనిపించలేదు. కాసేపటికి మనవాడొకడు శిక్షపడి వెళ్ళి పెట్టెలో ఒంటరిగా కూర్చున్నాడు. స్టేడియం బాగుచేసినప్పుడు ఆ పెట్టెకి నాలుగు వైపులా పైదాకా అద్దం బిగించారట. వెనక మొదటి వరస సీట్లు తీసేశారు. ఇప్పుడక్కడ ఎవరూ కూర్చోరు.